అమ్మతో లండన్ నడిచి చూడాలి – ట్యూబ్ మ్యాప్ చూస్తే ఏం అర్థం కావట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

సంధ్యారాగం
అక్టోబర్ చివర్లో అమ్మతో లండన్ వస్తున్నా. నాలుగైదు రోజులుంటాం, బస పాడింగ్టన్ దగ్గర. ఎవర్ని అడిగినా ఒకటే పాట: టూరిస్టు బస్సు టికెట్ తీసుకో, కూర్చో, దిగు, ఫొటో తీసుకో, మళ్లీ ఎక్కు. వేరే ఊళ్లో అలాగే తిరిగాం, ముందు సీటు వెనకభాగం తప్ప ఏదీ గుర్తులేదు. అమ్మకి అరవై దాటాయి కానీ రోజూ పొద్దున్నే నడుస్తుంది, నాకన్నా స్పీడు. మెట్లు మాత్రం పడవు, మోకాళ్లు మొరాయిస్తాయి. ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) మ్యాప్ ముందేసుకుని కూర్చున్నా. ఏ రెండు స్టేషన్లు చూసినా ఒకే దూరంలో ఉన్నట్టున్నాయి. ఎక్కడ నడవాలి, ఎక్కడ ఎక్కాలి? "బిగ్ బెన్ చూడండి" అని మాత్రం చెప్పకండి, దండం పెడతా.

పాత_లండనీ
ముందు ఆ ట్యూబ్ మ్యాప్ మడిచి బ్యాగులో పెట్టమ్మా. ఏ రైలు దేనికి కలుస్తుందో చెప్పడానికే అది, దూరాలతో దానికి పనిలేదు. 1933లో అచ్చేసిన ఆ బొమ్మ గీసిన హ్యారీ బెక్ వృత్తిరీత్యా ఎలక్ట్రికల్ డ్రాయింగులు వేసేవాడు. కరెంటు సర్క్యూట్ గీసినట్టే గీశాడు. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్ పావు కిలోమీటరు పైచిలుకు. కిందికి దిగి, రైలు కోసం నిలబడి, మళ్లీ పైకొచ్చేలోపు నడిచినవాళ్లు ముందే చేరిపోతారు. మీ బస దగ్గరే చూడండి, బేస్‌వాటర్, క్వీన్స్‌వే అని రెండు స్టేషన్లు. మ్యాప్‌లో వేరే వేరే లైన్లు, వేరే వేరే లోకాలు. పైకొస్తే రెండూ ఒకే వీధిలో. చేరింగ్ క్రాస్, ఎంబాంక్‌మెంట్ కూడా అంతే, ఒక చిన్న వీధి దిగితే రెండోది.

టీఎఫ్ఎల్ (లండన్ రవాణా సంస్థ) సైటులో స్టేషన్ల మధ్య నడక నిమిషాలు వేసిన ట్యూబ్ మ్యాప్ ఉంది. అది డౌన్‌లోడ్ చేసుకోండి, సగం ప్రశ్నలు తీరిపోతాయి.

చెప్పులు_తెగినోడు
కోవెంట్ గార్డెన్ మాటొచ్చింది కాబట్టి. అక్కడ లిఫ్టు దగ్గర జనం చూసి "మెట్లే కదా" అని ఉత్సాహపడొద్దు. 193 మెట్లు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. పదిహేను అంతస్తులతో సమానం అని వాళ్లే బోర్డు పెట్టారు. నేను ఆ బోర్డు చదవకుండా ఎక్కా. మిగతా కథ మోకాళ్లకి తెలుసు.

బైపాస్_బాబీ
అందరూ నడక నడక అంటున్నారు. అక్టోబర్ చివర, వాన, చలి, పెద్దావిడ. నాలుగు రోజుల్లో నడిచి ఏం చూస్తారండీ? టూరిస్టు బస్సు వద్దంటే వద్దు, మామూలు ఎర్ర బస్సు ఉందిగా. పై అంతస్తు, ముందు సీటు. అద్దంలోంచి ఊరంతా కనిపిస్తుంది.

గోదారి_గట్టు
@బైపాస్_బాబీ మోకాళ్లు బాగోలేవంటే బస్సులో పైకి మెట్లెక్కమంటారేంటి సామీ, అదీ కదిలే బస్సులో 😀

బైపాస్_బాబీ
సరే, కింద సీటు. గెలిచారు.

నిజాంపేట_నవీన్
బాబీ అన్న చెప్పింది సగం కరెక్టే. నడుసుడు, బస్సు రెండూ కలపాలె. నేనైతే ఎప్పుడూ పోయేటప్పుడు నడుస్త, వచ్చేటప్పుడు బస్సెక్కుత. ఉల్టా చేస్తే తిరిగొచ్చే దారి మొత్తం తిట్టుకునుడే. గంట లోపల ఎన్ని బస్సులు మారినా ఒక్క టికెట్ పైసలే పడ్తయ్, హాపర్ అంటరు. ఇద్దరున్నరు కదా, ఎవరి కార్డు వాళ్లకుండాలె. ఒకే కార్డుతోని ఇద్దర్ని ఎక్కనియ్యరు. బస్సుల నోట్లు, చిల్లర అస్సల్ తీస్కోరు, 2014 నుంచే బంద్. అమ్మ పేరు మీద ఒక ఫారెక్స్ కార్డు చేయించుర్రి, లేదంటే ఆమెకొక ఆయిస్టర్ (ఆడి బస్సు, రైలు కార్డు) తీస్కోర్రి.

మేఘమాల
వీధుల్లో బోర్డుల గురించి ఎవరూ చెప్పలేదు. మనిషి ఎత్తు పలకలు, పైన పసుపు పట్టీలో నడిచే మనిషి బొమ్మ. మూలమూలనా ఉంటాయి. వాటి మీద మ్యాప్‌లో ఒక వలయం గీసి ఉంటుంది, ఐదు నిమిషాల నడకలో ఏమేం వస్తాయో ఆ వలయం లోపలే. చాలామంది తడబడేది ఎక్కడంటే, ఈ మ్యాప్‌లో ఉత్తరం పైన ఉండదు. మీరు ఎటు చూస్తూ నిలబడ్డారో అదే పైన. ఫోన్ మ్యాప్‌తో పోల్చి చూస్తే తలకిందులుగా అనిపిస్తుంది. ఫోన్ జేబులో పెట్టి బోర్డునే నమ్మండి. సిటీ (సెయింట్ పాల్స్ చుట్టూ ఉన్న పాత పేట) వైపు ఎత్తైన బిల్డింగుల మధ్య ఫోన్‌లో నీలం చుక్క ఎలాగూ పక్క సందులోకి గెంతుతుంటుంది.

పాత_లండనీ
ఫోన్ జేబులో అన్నారు కాబట్టి ఇదీ రాసేస్తా. రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడకండి. ఈ-బైకుల మీద వచ్చి లాక్కుపోవడం ఇక్కడ బాగా ఎక్కువ. దారి చూసుకోవాలంటే గోడ వైపు జరిగి, రోడ్డుకి వీపు పెట్టకుండా నిలబడి చూసుకోండి. స్టేషన్ బయటికి రాగానే ఫోన్ తీసే అలవాటు అందరికీ ఉంటుంది. వాళ్లు కాచుకునేదీ అక్కడే.

సంధ్యారాగం
అమ్మో. సరే. రోడ్డు దాటడం సంగతేంటి? "లుక్ రైట్" అని నేల మీద రాసుంటుందట కదా.

గోదారి_గట్టు
అది అమెరికా వాళ్ల కోసం, యూరప్ వాళ్ల కోసం. మనమూ ఎడమవైపు నడిపేవాళ్లమే, మన మెడ పుట్టినప్పట్నుంచీ కుడివైపే తిరుగుతుంది. మనవాళ్లకి అసలు గండం సైకిళ్లు. కొన్ని బస్ స్టాపుల్లో ఫుట్‌పాత్‌కీ స్టాపుకీ మధ్యలోంచే సైకిల్ దారి ఉంటుంది. బస్సు దిగి రెండడుగులు వేశారంటే సైకిళ్ల దారిలో ఉన్నట్టే. ఆఫీసు టైములో ఒకడి వెనక ఒకడు గుంపులుగా వస్తారు. కొన్ని దారుల్లో రెండువైపుల నుంచీ వస్తారు. అమ్మగారికి ఇది ముందే చెప్పి ఉంచండి.

నిజాంపేట_నవీన్
నలుపు తెలుపు పట్టీలు, పక్కన పసుప్పచ్చ గోళం మినుక్కుమంటుంటది కదా, ఆడ కాలు పెడితే బండ్లు ఆగాల్సిందే. ఆగుతయ్ కూడ. మా నాయన మొదటిసారి నమ్మలే. ఇటు పక్కనే నిలబడి బండ్లకు "పో పో" అని చెయ్యి ఊపుతుండె. వాళ్లేమో ఆగి ఈయనకు చెయ్యి ఊపుతుండ్రి.

మేఘమాల
😂 2022 నుంచి రూలు ఇంకా నడిచేవాళ్ల వైపు మారింది. మూల దగ్గర దాటడానికి నిలబడి ఉన్నా సరే, మలుపు తిరిగే కారు ఆగి దారివ్వాలి. కాకపోతే అందరూ ఆగుతారనుకుని దిగిపోకండి.

సిగ్నల్ దగ్గర నొక్కే బటన్ డబ్బా ఉంటుంది కదా, దాని అడుగున చెయ్యి పెట్టి చూడండి. బొటనవేలంత చిన్న కోను, గరుకుగా గీతలుంటాయి. ఆకుపచ్చ పడగానే అది గిర్రున తిరుగుతుంది. చూపు లేనివాళ్లు దాన్ని పట్టుకుని నిలబడతారు, తిరిగితే దాటతారు. ఏళ్ల తరబడి ఇక్కడున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. మా చెల్లికి చూపించాక ఆ రోజంతా ప్రతి సిగ్నల్ దగ్గరా డబ్బా కిందే చెయ్యి.

చెప్పులు_తెగినోడు
నేను ఇప్పుడే కిందికెళ్లి చూసొచ్చా. నిజమే. ఇన్నాళ్లూ ఆ డబ్బాని ఉత్తినే గుద్దుతూ ఉన్నాను.

కాలవగట్టు_కమల
సంధ్యగారూ, పాడింగ్టన్‌లో దిగుతూ ఎవరైనా బస్సు గురించి మాట్లాడతారా! మీ బస వెనకే కాలవ. నాకు తెలిసి ఆ ఊళ్లో నడవడానికి అంతకంటే మంచి చోటు లేదు. స్టేషన్ పక్కన పాడింగ్టన్ బేసిన్, అక్కడి నుంచి నీళ్ల పక్కనే లిటిల్ వెనిస్. అక్కడ రీజెంట్స్ కెనాల్ మొదలవుతుంది, 1820లో పూర్తిచేసింది, థేమ్స్‌లో లైమ్‌హౌస్ దాకా దాదాపు పధ్నాలుగు కిలోమీటర్లు. మీరు అంతా నడవక్కర్లేదు. కామ్‌డెన్ దాకా నాలుగు కిలోమీటర్లుంటుందేమో. పడవ ఇళ్లు, వాటి కప్పుల మీద పూలకుండీలు, కట్టెల మోపులు, సైకిళ్లు. మధ్యలో జూ, కాలవ మీదికే ఒకప్పటి పక్షుల పంజరం కనిపిస్తుంది. దాదాపు అంతా చదునే.

మేడా హిల్ దగ్గర కాలవ సొరంగంలోకి పోతుంది, అందులో నడిచే గట్టు లేదు. పైకెక్కి వీధిలోంచి నడిచి అవతల మళ్లీ గట్టు పట్టుకోవాలి. అక్కడ కాసిని మెట్లుంటాయి. అమ్మగారు నెమ్మదిగా దిగితే సరి. సైకిల్ గంట వినిపిస్తే కాలవ వైపు కాదు, గోడ వైపు జరగండి.

పాత_లండనీ
కమలగారి దారికి నాది ఒక తోక. కామ్‌డెన్ దాకా పోకుండా జూ దాటాక పైకొచ్చి ప్రిమ్‌రోజ్ హిల్ ఎక్కండి. మెట్లు లేవు, గడ్డి మధ్య వాలుదారి. పైన బెంచీలుంటాయి, ఊరంతా కనిపిస్తుంది, టికెట్ లేదు. అవతలి వైపు దిగితే 10, కింగ్ హెన్రీస్ రోడ్. అంబేడ్కర్ 1921-22లో చదువుకునే రోజుల్లో ఉన్న ఇల్లు. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది, లోపల మ్యూజియం. వేళలు చూసుకుని వెళ్లండి. అక్కడి నుంచి చాక్ ఫార్మ్ స్టేషన్ దగ్గరే.

సంధ్యారాగం
ఇది అమ్మకి చదివి వినిపించా. "ఆ ఇల్లు చూడకుండా రాను" అంది. మొదటి రోజు కుదిరిపోయింది. కమలగారూ, థ్యాంక్స్. థేమ్స్ పక్కన సంగతి చెప్పండి, అది కూడా చదునేనా?

గోదారి_గట్టు
చదునే. వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి దాటి దక్షిణ ఒడ్డున దిగండి, ఎడమపక్క నీళ్లు పెట్టుకుని టవర్ బ్రిడ్జి దాకా నడవండి. నాలుగు కిలోమీటర్ల చిల్లర. వాటర్‌లూ బ్రిడ్జి కింద పాత పుస్తకాల బల్లలు, వాన పడినా తడవవు, నేను ఎప్పుడూ అక్కడే ఇరుక్కుపోతా. కాస్త ముందుకెళ్తే టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం, ఎదురుగా మిలీనియం బ్రిడ్జి. 2000లో తెరిచిన రెండు రోజులకే ఊగుతోందని మూసేశారు, మళ్లీ 2002లో తెరిచారు. ఇప్పుడు ఊగదు. బరో మార్కెట్ సోమవారం మూత, ఆ రోజు పెట్టుకోకండి.

ఒక్క సంగతి. నది అక్కడ పెద్ద వంపు తిరుగుతుంది. వెస్ట్‌మినిస్టర్ నుంచి వాటర్‌లూ వైపు నడిచేటప్పుడు మీరు తూర్పుకి పోతున్నామనుకుంటారు, నిజానికి ఉత్తరానికి పోతుంటారు. దిక్కులు బాగా తెలుసనుకునేవాళ్లే అక్కడ తప్పిపోతారు.

సందుగొందుల_శాస్త్రి
దిక్కులంటే ఇంకోటి. వీధి పేరు పలక మీద ఎన్1, ఎస్ఈ1 అని పోస్టల్ కోడు ఉంటుంది. 1 అంటే మధ్యకి దగ్గర, నిజమే. 2 అంటే దాని పక్కదే అనుకోకండి. రెండు నుంచి పైన అంకెలు పేటల పేర్ల అక్షర క్రమంలో ఇచ్చినవి. ఎస్ఈ2 అబ్బే వుడ్, అదెక్కడో తూర్పు చివర. ఈ4 చింగ్‌ఫర్డ్, అడవి అంచున. ఈ3 నుంచి ఈ4 నడిచిపోవచ్చులే అని బయల్దేరినవాళ్లని ఎరుగుదును.

నా మట్టుకు నాకు నచ్చేది సిటీ. సెయింట్ పాల్స్ చుట్టూ ఉన్న పాత చదరపు మైలు. ఆదివారం వెళ్లండి, ఆఫీసులవాళ్లు ఉండరు, సందులన్నీ మీవే.

బైపాస్_బాబీ
ఆదివారం టీ కూడా దొరకదు శాస్త్రిగారూ. అన్నీ మూతే. వారం మధ్యలో మధ్యాహ్నం దాటాక వెళ్లడం మేలు.

సందుగొందుల_శాస్త్రి
టీ ఫ్లాస్కులో పట్టుకెళ్లు నాయనా. జనం మధ్య భుజాలు రాసుకుంటూ సందు చూడటం ఒక చూడటమేనా?

మ్యూజియం పక్క సందులో పోస్ట్‌మన్స్ పార్క్ అని చిన్న తోట. అందులో ఒక పందిరి కింద గోడకి పింగాణీ పలకలు, నీలి అక్షరాలు. ఇంకొకరిని కాపాడబోయి చనిపోయిన మామూలు మనుషుల పేర్లు. వాట్స్ అనే చిత్రకారుడు 1900లో మొదలుపెట్టించాడు. ఆలిస్ ఎయర్స్ అని ఒక మేస్త్రీ కూలీ కూతురు, 1885లో తగలబడుతున్న ఇంట్లోంచి ముగ్గురు పిల్లల్ని దక్కించి తను పోయింది. నిలబడి ఒక్కొక్కటే చదివితే అరగంట ఇట్టే పోతుంది. తర్వాత టవర్ ఆఫ్ లండన్ వైపు నడిస్తే సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్. 1941 బాంబుల్లో కూలిన చర్చి. గోడలు అలాగే ఉంచి లోపల తోట వేశారు. కిటికీల్లోంచి తీగలు. బెంచీలున్నాయి.

బైపాస్_బాబీ
@సందుగొందుల_శాస్త్రి ఏ మ్యూజియం పక్కన? లండన్ మ్యూజియం అయితే అది అక్కడి నుంచి లేచిపోయి చాలా రోజులైంది, స్మిత్‌ఫీల్డ్‌కి మారుస్తున్నారు.

సందుగొందుల_శాస్త్రి
పాత అలవాటు. సెయింట్ పాల్స్ స్టేషన్ దిగి ఉత్తరానికి నాలుగడుగులు అనుకోండి. దొరికిందా తప్పు? సంతోషమా?

మేఘమాల
అసలైన ప్రశ్న ఎవరూ అడగట్లేదు, నేనే అడిగి నేనే చెప్తా: బాత్‌రూములు. అమ్మతో నడిచేటప్పుడు దారంతా దీన్ని బట్టే నిర్ణయించుకోవాలి. ట్యూబ్ స్టేషన్లలో చాలావాటికి ఉండవు. పెద్ద రైలు స్టేషన్లలో, అంటే పాడింగ్టన్, వాటర్‌లూ, లండన్ బ్రిడ్జి లాంటివాటిల్లో ఉంటాయి, 2019 నుంచి డబ్బులు కూడా తీసుకోవట్లేదు. మ్యూజియాలు ఉచితం కాబట్టి అవే మన రెస్ట్ రూములు. దక్షిణ ఒడ్డున రాయల్ ఫెస్టివల్ హాల్, తర్వాత టేట్ మోడర్న్. బ్లూమ్స్‌బరీలో బ్రిటిష్ మ్యూజియం. కనపడినప్పుడే వెళ్లిరండి, "తర్వాత చూద్దాం" అనొద్దు.

తెనాలి_తిరునాళ్ళు
బ్రిటిష్ మ్యూజియం అంటే బాత్‌రూములేనా మేఘమాలగారూ! 33ఏ గదిలో మన అమరావతి స్తూపం రాళ్లున్నాయి. గుంటూరు జిల్లా నుంచి మద్రాసు, మద్రాసు నుంచి 1859లో లండన్. పూర్ణకుంభాలు, స్తూపానికి మొక్కుతున్న మనుషులు, పూలదండలు మోసేవాళ్లు, ఎంతసేపు చూసినా తనివి తీరదు. కోపమూ వస్తుంది, అది వేరే సంగతి. ముందు గేటు దగ్గర క్యూ పొడుగ్గా ఉంటే వెనక మాంటేగ్ ప్లేస్ వైపు నుంచి వెళ్లండి, 33వ గది అటే దగ్గర. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది.

పాత_లండనీ
ఆ వెనక గేటు నుంచే ఒక పూట నడక కట్టొచ్చు. పక్కనే బెడ్‌ఫర్డ్ స్క్వేర్, 49వ నంబరు ఇంటికి రామమోహన్ రాయ్ పేరుతో పలక. అక్కడి నుంచి గోర్డన్ స్క్వేర్, నూర్ ఇనాయత్ ఖాన్ విగ్రహం, 2012లో పెట్టారు. యుద్ధకాలంలో పారిస్‌లో రహస్యంగా రేడియో నడిపిన అమ్మాయి. ఆ పక్క టావిస్టాక్ స్క్వేర్‌లో కూర్చున్న గాంధీ, 1968. పీఠం లోపల గూడులా ఖాళీ ఉంచారు, అందులో ఎవరో ఒకరు పూలు పెట్టి ఉంటారు. అన్నీ చెట్లున్న తోటలే, గోర్డన్, టావిస్టాక్‌లలో బెంచీలున్నాయి.

నిజాంపేట_నవీన్
టైమ్ సంగతి మర్వకుర్రి. అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతరు. ఆ రోజు నుంచే సాయంత్రం ఐదు దాటిందంటే చీకటే. కాలవ గట్టు మీద చీకట్ల నడవొద్దు. పొద్దుగాల్నే కాలవ, సాయంత్రం లైట్లుండే నది ఒడ్డు, గట్ల పెట్టుకోర్రి.

సంధ్యారాగం
ఇలా అనుకుంటున్నా: మొదటి రోజు కాలవ, ప్రిమ్‌రోజ్ హిల్, అంబేడ్కర్ ఇల్లు. శుక్రవారం మధ్యాహ్నం టావిస్టాక్ నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి సాయంత్రం మ్యూజియం. శనివారం నది ఒడ్డు. ఆదివారం శాస్త్రిగారి సందులు, ఫ్లాస్కుతో సహా. చివరి రోజు సగం పూట మిగులుతుంది, ఫ్లైట్ రాత్రికి.

తెనాలి_తిరునాళ్ళు
సగం పూటా? సి.పి. బ్రౌన్ సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో. మీ లిటిల్ వెనిస్ నుంచి కాలవ పడమటి వైపు పట్టుకుంటే లాడ్‌బ్రోక్ గ్రోవ్ వంతెన వస్తుంది, పైకెక్కి హారో రోడ్డు మీదికి వెళ్తే గేటు. ద్వారకానాథ్ టాగోర్ సమాధి కూడా అందులోనే.

గోదారి_గట్టు
ఊరెళ్లే రోజున శ్మశానానికి పంపుతారా పెద్దావిడని!

తెనాలి_తిరునాళ్ళు
తెలుగు నిఘంటువు రాసినాయన దగ్గరికి వెళ్లడానికి దుర్ముహూర్తం ఏంటండీ.

సంధ్యారాగం
అమ్మ రిటైర్డ్ తెలుగు టీచర్. ఇప్పుడు నాకు ఛాయిస్ లేదు 🙏 సూట్‌కేసులు ఏం చెయ్యాలి?

కాలవగట్టు_కమల
హోటల్లో ఖాళీ చేశాక కూడా ఉంచుతారు, పొద్దున్నే అడిగి పెట్టండి. తిరిగొచ్చి తీసుకుని పాడింగ్టన్‌లోనే ఎలిజబెత్ లైన్ ఎక్కితే నేరుగా హీత్రో, లిఫ్టు ఉంది, మెట్లు లేవు. శ్మశానం చాలా పెద్దది, సమాధి ఏ వరసలో ఉందో ముందే ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి. లేకపోతే ఫ్లైట్ టైమ్ అయ్యేదాకా రాళ్ల మీద పేర్లు చదువుతూనే ఉంటారు.